తాళ్లపాక వారి వంశకథ

తర్పణం విడిచేటప్పుడు మనం పలికే పితృదేవతల పేర్లు మూడే. తండ్రి, తాత, ముత్తాత. వసురుద్రాదిత్య రూపులుగా భావించి ఆ ముగ్గురికి నువ్వులు, నీళ్లు వదలుతాము. ముత్తాతకు తండ్రి ఎవరని అడిగితే చాలా ఇళ్లలో జవాబు దొరకదు. కాకతీయుల వంశక్రమాన్ని పరీక్షకోసం కంఠస్థం చేసిన నాకు మా ముత్తాతగారి తండ్రి పేరు తెలియదు. ముత్తవ్వ పేరు అసలే తెలియదు. రాజులు కాని వారి వంశాలు తెలుగునాట ఇలాగే మూడు మెట్ల దగ్గర ఆగిపోతాయి.

ఆగిపోని వంశం ఒకటి ఉన్నది. రాజంపేట దగ్గరి తాళ్లపాక గ్రామంలో మొదలై, తిరుమల కొండమీద స్థిరపడి, ఆరు వందల ఏండ్లుగా పేరు నిలుపుకొన్న తాళ్లపాక వారిది. అన్నమయ్యను ఎరుగని తెలుగువాడు ఇప్పుడు లేడు. 1997లో వచ్చిన సినిమా తరువాత మరీ లేడు. అయితే అన్నమయ్య ఒక్కడుగా మనదాకా రాలేదు. ఆయనను ఒక కుటుంబం మోసుకొని వచ్చింది. ఆ కుటుంబం సంగతి నాకు ఆయన సంగతి కన్నా తక్కువ ఆసక్తికరంగా ఎన్నడూ తోచలేదు. అందుకే ఈ టపా.

ఈ వంశాన్ని తెలుసుకోవడానికి మనకు ముఖ్యంగా మూడు ఆధారాలు. అన్నమయ్య మనుమడు చినతిరువేంగళనాథుడు, ఇంటిలో పిలుచుకొనే పేరు చిన్నన్న, ద్విపదలో రచించిన 'అన్నమాచార్య చరిత్రము' ఒకటి. తిరుమల గుడిలోని రాతిశాసనాలు రెండవది. కీర్తనలు చెక్కించిన రాగిరేకులు మూడవది. ఈ మూడూ ఒకే ఇంటివారిని గురించి చెబుతాయి కాని ఒకే గొంతుతో చెప్పవు. చిన్నన్న భక్తుడు, మనుమడు; ఆయన చెప్పేది కథ. శాసనం లెక్కల మనిషి. ఏ గ్రామం ఇచ్చారు, ఏ నైవేద్యానికి ఇచ్చారు, ప్రసాదంలో ఎవరి వంతు ఎంత అనేదే దాని గొడవ. రాగిరేకు పాటను తప్ప మరిదేనినీ పెద్దగా పట్టించుకోదు. పేర్లు కూడా ఒక్కతీరుగా ఉండవు. తిరుమల శాసనాలలో ఎక్కువ భాగం తమిళంలో ఉన్నందున, మన పెదతిరుమలయ్య అక్కడ తాళ్లపాకం తిరుమలయ్యంగారుగా కనిపిస్తాడు. మొదటిసారి ఆ పేరు చదివినవాడు ఎవరో తమిళ ఆచార్యుడనుకొని పేజీ తిప్పేసినా ఆశ్చర్యం లేదు.

చిన్నన్న కథను అన్నమయ్యతో ప్రారంభించడు. అన్నమయ్య తాత నారాయణయ్యతో ప్రారంభిస్తాడు. ఈ నారాయణయ్యకు చిన్నతనంలో చదువు అబ్బలేదు. తండ్రి అతనిని ఊటుకూరులోని బంధువుల వద్దకు చదువుకు పంపాడు. అక్కడి ఒజ్జలు పెట్టిన శిక్షలు ఒకటి రెండు కావు. కోదండం వేయించడం, గుంజీలు తీయించడం వంటి ఆనాటి బడిశిక్షలను చిన్నన్న వరుసగా చెబుతాడు. ఇక భరించలేక ఆ పిల్లవాడు ఊరి వెలుపలి చింతాలమ్మ గుడికి పోయి, అక్కడి పాముపుట్టలో చేయి పెట్టాడు. పాము కరిస్తే పీడ విరగడవుతుందని. అమ్మవారు ప్రత్యక్షమై, ఎందుకిట్లా చేస్తావు, నీకు మూడవ తరంలో హరిభక్తుడు పుడతాడు, తాళ్లపాక చెన్నకేశవుడు నీకు విద్య ప్రసాదిస్తాడు అని ఓదార్చి పంపిందట.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నేను కాసేపు ఆగిపోతాను. వంశచరిత్ర రాసుకొనేవారు సాధారణంగా మూలపురుషుణ్ణి మహాపండితుడిగానో, యజ్ఞాలు చేసినవాడిగానో, రాజు వద్ద అగ్రహారం పొందినవాడిగానో చూపుతారు. ఇక్కడ మూలపురుషుడు చదువురాక చావబోయిన పిల్లవాడు. చెబుతున్నది ఆ పిల్లవాడి మునిమనుమడికి కొడుకు. ఐదవ తరంవాడు. అమ్మవారి మాట తరువాత కూర్చినదే కావచ్చు; మూడవ తరంలో ఎవరు పుట్టారో తెలిసిన తరువాత చెప్పిన జోస్యం ఎన్నడూ తప్పదు కదా. కాని పుట్టలో పెట్టిన ఆ చేయి మాత్రం ఎవరో కల్పించినట్లుండదు. ఇంటిలో అవ్వలు పిల్లలకు చెప్పుకొనే మాటలలోనే ఇటువంటివి బ్రతుకుతాయి. గొప్పలు శాసనాలకెక్కుతాయి, అవమానాలు ఇంటి నాలుకల మీద నిలుస్తాయి. చిన్నన్న ఆ రెండింటిని కలిపినాడు.

నారాయణయ్య కుమారుడు నారాయణసూరి, కోడలు లక్కమాంబ. వీరు నందవరీకులు, భారద్వాజ గోత్రులు. లక్కమాంబ మాడుపూరు మాధవస్వామితో మాటలాడేదని చిన్నన్న రాస్తాడు. ఈ దంపతులకు అన్నమయ్య 1408లో పుట్టాడు. గడ్డికోయబోయి వేలు తెగి, ఇల్లు విడిచి తిరుపతి యాత్రికుల వెంట నడిచిపోవడం, మోకాళ్లపర్వతం వద్ద అలసి చెప్పులతోనే నిద్రపోవడం, అలమేలుమంగ వచ్చి అన్నం పెట్టడం అందరికీ తెలిసిన కథలే. నేను ఇక్కడ ఆపదలచినది ఒక్క విషయం వద్ద. కొండమీద ఘనవిష్ణువనే యతి అన్నమయ్యకు వైష్ణవదీక్ష ఇచ్చాడు. తరువాత అహోబలంలో శఠగోపయతి వద్ద వేదాంతం చదివాడు. ఒక స్మార్తకుటుంబం ఈ తరంతో శ్రీవైష్ణవమైంది. గోత్రం మారలేదు, ఇంటిపేరు మారలేదు; బొట్టు మారింది, గురువు మారాడు, పేరు చివర ఆచార్యశబ్దం వచ్చింది. వంశవృక్షాలు గీసేవారు కొమ్మలను చూపుతారే గాని ఇటువంటి అంటుకట్టిన చోట్లను చూపరు. ఇంటివారు దీనిని ఎట్లా తీసుకొన్నారన్నది ఊహించుకోవలసిందే. తప్పిపోయిన కొడుకు తిరుమణి ధరించి తిరిగివస్తే ఆ తల్లిదండ్రులు మొదట సంతోషించారా, కంగారుపడ్డారా?

రాగిరేకుల మొదట ఉన్న మాటలను బట్టి, అన్నమయ్య పదహారవ ఏట, శక సంవత్సరం 1346 క్రోధినాడు కీర్తనలు చెప్పనారంభించాడు. శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి వరకు చెప్పాడు. అంటే 1424 నుండి 1503 ఫిబ్రవరి దాకా, 79 ఏండ్లు. చిన్నన్న చెప్పిన కీర్తనల సంఖ్య 32,000. ఒకనాడు కాగితం తీసుకొని భాగించి చూశాను. 79 ఏండ్లకు రోజులు 28,835. రోజుకు ఒకటి, అప్పుడప్పుడు రెండు. నమ్మలేని సంఖ్యగా మొదట కనిపించినది, రోజుకు ఒక పాట అనుకొన్న మనిషి నిష్ఠగా చూస్తే నమ్మదగినదవుతుంది. మనకు దక్కినవి పన్నెండు వేలకు పైచిలుకు. సగమైనా మిగలలేదు.

ఇక కొడుకు. పెదతిరుమలాచార్యుడు. నా దృష్టిలో ఈ వంశకథకు నాయకుడు ఈయనే, తండ్రి కాదు.

సాళువ నరసింహరాయలు తన మీద ఒక పదం చెప్పమంటే అన్నమయ్య చెవులు మూసుకొని నిరాకరించాడని, రాజు సంకెళ్లు వేయించాడని, స్వామిని కీర్తించగా అవి ఊడిపడినాయని చిన్నన్న రాశాడు. అది 15వ శతాబ్దపు మాట. తరువాతి తరానికి వచ్చి తిరుమల శాసనాలు చూడండి. అచ్యుతదేవరాయల (1529–1542) కాలంలో పెదతిరుమలయ్యకు రాజు ఇచ్చిన గ్రామాలు కనిపిస్తాయి. ఆ గ్రామాల ఆదాయాన్ని ఆయన స్వామి నైవేద్యాలకు, ఉత్సవాలకు సమర్పించిన వివరాలు కూడా కనిపిస్తాయి. తండ్రి రాజును కాదన్నాడు, కొడుకు రాజు చేతినుండి పుచ్చుకొన్నాడు. కొందరు దీనిని పతనంగా చెప్పగా విన్నాను. నేను ఒప్పుకోను. పుచ్చుకొన్నది ఎక్కడికి పోయిందో చూడాలి. గుడికి పోయినది పోగా, ఆ సంపదలో కొంత రాగిగా మారింది.

అప్పటికి తెలుగుదేశంలో కావ్యమంటే తాటాకు. తాటాకు చెదలకు, తేమకు, పొగకు లోబడినది. వంద రెండువందల ఏండ్లకు ఎవరైనా మరల నకలు రాయకపోతే దాని ఆయువు తీరినట్లే. రాగిరేకు మీద రాజులు దానశాసనాలు చెక్కించుకొనేవారు. ఎందుకంటే భూమి హక్కు తరతరాలకు నిలవాలి. పెదతిరుమలయ్య ఆ రాగిని తండ్రి పాటలకు వాడాడు. ఒక్కొక్క రేకుమీద రెండు వైపులా కలిపి సాధారణంగా ఆరు కీర్తనలు పడతాయి. పన్నెండు వేల పాటలకు రెండు వేల రేకులు. ఎంత రాగి కొనాలి, ఎంతమంది చెక్కేవారికి ఎన్నేండ్లు కూలి ఇవ్వాలి, తప్పులు పడకుండా ఎవరు దగ్గర కూర్చొని చదివి చెప్పాలి! ఆ పని అంతా చేయించి, గుడి ప్రాకారంలో ఒక చిన్న రాతి అరలో వాటిని భద్రపరచి, దానికి సంకీర్తన భాండారమని పేరుపెట్టారు. ఆ భాండారానికి కూడా దీపం, పూజ జరిగేటట్లు శాసనాలు ఏర్పాటు చేసినాయి. పాటకు భూమిహక్కుతో సమానమైన హక్కు కల్పించిన కొడుకును ఇంకెక్కడైనా చూపగలరా?

ఆయన తండ్రి పాటలను మాత్రమే దాచి ఊరుకోలేదు. తానూ అధ్యాత్మ, శృంగార సంకీర్తనలు చెప్పాడు. భగవద్గీతకు తెలుగు వచనం రాశాడు. వేంకటేశ్వరుని సంబోధించి ఆయన రాసిన వచనాలు చదివితే, తెలుగు వచనం కందుకూరి వారితో పుట్టిందనుకొనేవారు కొంచెం ఆలోచించుకోవలసి వస్తుంది. దొరికితే తప్పక చదవండి.

మనుమల సంగతికి వస్తే ముందు పేర్ల చిక్కు విప్పుకోవాలి. తాత పేరు మనుమడికి పెట్టే మన ఆచారం చరిత్ర చదివేవాడికి చేసే అపకారం అంతా ఇంతా కాదు. తండ్రి పెదతిరుమలయ్య, కొడుకు చినతిరుమలయ్య. మరొక కొడుకు తాత పేరిటి అన్నయ్య. పెదతిరువేంగళనాథుడొకడు, చినతిరువేంగళనాథుడొకడు, కోనేటి తిరువేంగళనాథుడు మరొకడు. ఒకే ఇంటిలో ముగ్గురు తిరువేంగళనాథులు! తల్లి భోజనానికి పిలిస్తే ఎవరు పలికేవారో. అందుకే కాబోలు ఒకరికి చిన్నన్న అనే పేరు స్థిరపడింది. వీరి వంశవృక్షాన్ని కాగితం మీద నాలుగుసార్లు గీసుకొన్నాను. తేడా తెలియడానికి చివరకు రంగు పెన్సిళ్లు వాడవలసి వచ్చింది.

వీరిలో చినతిరుమలాచార్యుడు తాతతండ్రుల వలెనే కీర్తనలు చెప్పాడు. 'సంకీర్తన లక్షణము' అనే తెలుగు గ్రంథం రాశాడు. దీనిని తాత సంస్కృతంలో చెప్పాడని, తండ్రి దానికి వ్యాఖ్య చేశాడని, తాను తెలుగు చేస్తున్నానని అందులోనే చెప్పుకొన్నాడు. తాత సంస్కృతమూ లేదు, తండ్రి వ్యాఖ్యానమూ లేదు. మనుమడి తెలుగు మిగిలింది. మూడు తరాలవారు ఒకే పుస్తకం మీద పనిచేయడం, అందులో చివరివాడిది మాత్రమే దక్కడం! చినతిరుమలయ్య కొడుకు తిరువేంగళప్ప అమరకోశానికి వ్యాఖ్య రాసిన పండితుడు. చిన్నన్న 'పరమయోగి విలాసము', 'అష్టమహిషీ కల్యాణము', 'ఉషాకల్యాణము' కూడా రాశాడు. ద్విపదకు చిన్నన్న, పదానికి పెదతిరుమలయ్య అంటూ ఈ ఇంటివారిని మెచ్చుకొనే ఒక చాటుపద్యం తెనాలి రామకృష్ణుని పేరున చెబుతారు. అందులో నరసింగన్న అనే మూడవ పేరు ఒకటి ఉన్నది. పద్యగద్యాలలో మేటి అని.

ఈ నరసింగన్న దగ్గర నేను మరల ఆగిపోయాను. అన్నమయ్యకు ఇద్దరు భార్యలు. తిమ్మక్క, అక్కలమ్మ. నరసింగన్న తిమ్మక్క కొడుకు. పెదతిరుమలయ్య అక్కలమ్మ కొడుకు. రాగిరేకుల మీద ప్రధానంగా ఉన్నవి అన్నమయ్య, పెదతిరుమలయ్య, చినతిరుమలయ్య పేర్లు. వంశచరిత్ర రాసిన చిన్నన్న పెదతిరుమలయ్య కొడుకు. అంటే, రేకులు చెక్కించినదీ, కథ చెప్పినదీ అక్కలమ్మ సంతతే. తిమ్మక్క సంతతివాడైన నరసింగన్న ప్రతిభకు ఒక చాటువు సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. సవతుల మధ్య ఏదో ఉన్నదని నేను అనడం లేదు. ఏ కుటుంబచరిత్ర అయినా అందులో ఒక కొమ్మ మీద కూర్చొన్నవాడే రాస్తాడు, అక్కడినుండి అతనికి కొన్ని కొమ్మలు దగ్గరగా, కొన్ని దూరంగా కనిపిస్తాయి అంటున్నాను.

అక్కలమ్మ గురించి మనకు పేరు తప్ప పెద్దగా మిగలలేదు. కొడుకు రెండు వేల రేకులు చెక్కించాడు, మనుమడు మామగారి తండ్రి బడిలో తిన్న దెబ్బలు కూడా రాశాడు, ఆమె మాట ఒక్కటి ఎక్కడా లేదు. తిమ్మక్క సంగతి వేరు. ఆమె తన గొంతు తానే దాచుకొన్నది. సుభద్రార్జునుల పెండ్లి కథను మంజరీద్విపదలో 'సుభద్రాకల్యాణము'గా చెప్పింది. తాను తాళ్లపాక అన్నయ్యగారి భార్యనని పేరు చెప్పుకొన్నది. తెలుగులో తొలి కవయిత్రి ఆమేనా అన్న వివాదాలలోకి నేను పోను. మొల్లకంటె ముందటిది, అంతవరకు నిశ్చయం. తర్పణంలో మూడు పేర్లకే పరిమితమైన వ్యవస్థలో ఒక ఇంటి కోడలి పేరు ఆరు శతాబ్దాలు నిలవాలంటే ఆమె కావ్యం రాసి ఉండాలన్నమాట! మిగిలిన కోడళ్లు ఏమి చేయాలి?

1565లో విజయనగరం కూలింది. గ్రామాల ఆదాయాలు, గుడి వ్యవస్థ, పోషకులు అన్నీ తారుమారైనాయి. తాళ్లపాకవారి దౌహిత్రుడైన రేవణూరి వేంకటాచార్యుడు 'శ్రీపాదరేణు మాహాత్మ్యము', 'శకుంతలాపరిణయము' రాశాడు. ఆడపిల్ల వైపు నుండి కవిత్వం అట్లా మరికొంత దూరం నడిచింది. తరువాత మాట సన్నగిల్లింది.

మళ్లీ ఈ ఇంటివారి ప్రస్తావన నాకు ఎదురైనది ఎదురుచూడని చోట. 1816లో మద్రాసులో అచ్చయిన ఏ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఉన్న ఉపోద్ఘాతంలో. తిరుపతి కొండమీద గుడిలో ఒక బ్రాహ్మణ కుటుంబం వేలకొద్ది రాగిరేకుల మీద చెక్కిన కవిత్వాన్ని భక్తితో కాపాడుతున్నదని ఆయన విన్నాడు. పరిశీలించడానికి ఒక దేశీయుణ్ణి పంపాడు. ఒక వ్యాకరణ గ్రంథం దొరికితే దానికి నకలు తీయించుకొన్నాడు. మిగిలినదంతా దేవుణ్ణి పొగిడే విస్తారమైన పాటలే అని తేల్చి వదిలేశాడు. వెళ్లినవాడు తెలుగువాడే అయి ఉంటాడు. ఆ అరలో రేకులు ఒక్కొక్కటే తిప్పి చూశాడు. అలమేలుమంగ పాటలన్నీ అతని వేళ్ల క్రిందినుండి జారిపోయినాయి. విచిత్రమేమంటే, తెలుగు సంస్కృతజన్యం కాదు, తమిళ కన్నడాలతో కలిసి వేరొక కుటుంబానికి చెందినది అని ఎల్లిస్ దొర నిరూపించినది కూడా ఆ ఉపోద్ఘాతంతో కలిసి వచ్చిన వ్యాసంలోనే. భాషల కుటుంబాన్ని కనుక్కొన్న పుస్తకం, పాటల కుటుంబం పక్కనుండి వెళ్లిపోయింది. అయినా ఆయనను తప్పుపట్టను. వ్యాకరణం వెదకబోయినవాడికి వ్యాకరణమే కనిపిస్తుంది. 1816లో కూడా ఒక కుటుంబం వాటిని కాపాడుతూనే ఉన్నదన్న వార్త ఆయనే మనకు ఇచ్చాడు. ఆ వార్తకోసం ఆ పేజీని నేను ఎన్నిసార్లు చదివానో.

మరి నూరేండ్లు గడిచి, 1920లలో గాని ఆ రేకులు పండితుల చేతికి రాలేదు. దేవస్థానం శాసనాలను పరిష్కరించిన సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారు, తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రిగారు వాటిని చదివి అచ్చు దారి పట్టించారు. చిన్నన్న ద్విపదను వేటూరివారు పరిష్కరించి విపులమైన పీఠికతో 1949లో వెలువరించారు. తరువాతి సంవత్సరమే ఆయన గతించారు. ఆయన తరువాత రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు పరిష్కరణ కొనసాగించి, కొన్ని కీర్తనలకు స్వరాలు కూర్చారు.

స్వరాలు ఎందుకు కూర్చవలసి వచ్చింది? రేకుల మీద పాట ఉన్నది, రాగం పేరు ఉన్నది, సామంతం, ముఖారి, బౌళి, గుండక్రియ అని. వరుస లేదు. వరుసను రాగి మీద చెక్కనక్కరలేదని పెదతిరుమలయ్య అనుకొన్నాడు కాబోలు. కొడుకుల నోటిలో ఉన్నది కదా, మనుమల నోటికి వస్తుంది కదా. లోహాన్ని నమ్మిన చోట పాట మిగిలింది, వంశాన్ని నమ్మిన చోట పోయింది. ఈనాడు మనం వినే అన్నమయ్య వరుసలలో చాలా భాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. అవి మధురంగా ఉన్నాయి, నేనూ వింటాను. వింటున్నప్పుడు ఆ ఇంటిలో ఏ తరంలో ఏ పిల్లవాడు నేర్చుకోకుండా తప్పించుకొన్నాడో అనుకొంటాను. నారాయణయ్య వలె.

తాళ్లపాకవారు తిరుమలలో నేటికీ ఉన్నారు. రాత్రి ఏకాంతసేవలో స్వామిని ఉయ్యాల పానుపుపై పవళింపజేసినప్పుడు తాళ్లపాకవారి లాలి పాడుతారు. తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాలహారతి ఇస్తారు. ఒకటి ఆరు వందల ఏండ్ల వంశపు పాట. మరొకటి, బిడ్డలు లేని వెంగమ్మ పేరు మీద ఆగకుండా జరుగుతున్న హారతి. రెండూ అయిన తరువాత తలుపులు మూస్తారు.